ఇంటికొక ఓటు

ఆమోసుగారు కుదురుగా కూర్చోగా నేను చూసింది కారు నడిపేటప్పుడు మాత్రమే. అప్పుడు కూడా ఎడమ మోకాలు ఆడుతూనే ఉండేది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్లు ఎదురెదురు, ఆఫీసు ఒకటే. పదేళ్ళ పాటు రోజూ పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు ఆయన పక్క సీటు నాది. నాకు చర్చి సంగతులు తెలియవు. యూరప్ సంగతులు అసలే తెలియవు. ఆ రెండూ ఆ కారులోనే నేర్చుకున్నాను. ఎన్నిసార్లు అడిగినా విసుక్కునే మనిషి కాదాయన.

కార్ల బంపర్ల కొలతలు సరిచూసే పరికరాలకు బొమ్మలు గీయడం ఆయన ఉద్యోగం. సొంతూరు ఒంగోలు దగ్గర పల్లె. తండ్రి బాప్టిస్టు సంఘంలో బోధకుడు, ఇరవై ఏళ్ళు సారా కొట్ల ముందు నిలబడి ప్రసంగాలు చేసినవాడు. మద్యం ఏ రూపంలోనూ పెదవికి తాకనివ్వనని పోయేముందు కొడుకు చేత ప్రమాణం చేయించుకున్నాడట. భార్య జ్ఞానమ్మగారు గుంటూరు లూథరన్ల పిల్ల.

"అందులో తేడా ఏముందండీ?" అని మొదట్లో ఒకసారి అడిగాను.

"మీకు తెలియదులెండి కృష్ణమోహన్‌గారూ, మా దగ్గర ఊరు చెబితే గిన్నె చెప్పొచ్చు," అన్నారు.

పూర్వం మిషనరీలు జిల్లాలు పంచుకున్నారట. గుంటూరు వైపు లూథరన్లు. వాళ్ళ ప్రభువు బల్ల దగ్గర, అంటే ఏసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట, ఒకటే వెండి గిన్నె, అందులో వైన్, అందరూ అందులోనే తాగాలి. ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులకు మనిషికొక చిన్న గ్లాసు, అందులో గ్రేప్ జ్యూస్. బెజవాడ వైపు సి.ఎస్.ఐ. అనే మరో సంఘం వాళ్ళది కూడా ఇంచుమించు ఒకే గిన్నె పద్ధతి. అక్కడ మధ్యలో జిల్లా సరిహద్దు ఉండేది కాబట్టి గొడవ లేదు. మిషిగన్‌లో అందరూ ఒకే హాల్లోకి వచ్చి పడ్డారు.

ఆ తెలుగు సహవాసం 1977లో మొదలైంది. నెలకొక ఆదివారం మధ్యాహ్నం, ఒక అమెరికన్ చర్చి వాళ్ళు ఇచ్చిన హాల్లో కూడేవారు. పాటలు బాగా పాడేవారు. భోజనం ఇంకా బాగుండేది; నేనూ మా ఆవిడా దానికే వెళ్ళేవాళ్ళం. రూలు ఒక్కటే: ఏ ఒక్క ఇల్లు వద్దన్నా ఆ పని మానుకోవాలి. ఎవరూ నొచ్చుకోకూడదని పెట్టుకున్నారు. దాంతో ఎవరూ నొచ్చుకోలేదు గానీ, ఒక్కసారైనా ప్రభువు బల్ల జరగలేదు. ఏ గిన్నె అన్నా ఎవరో ఒకరు వద్దనేవారు. జ్ఞానమ్మగారు పెళ్ళి తరవాత ఒంగోలు సంఘానికి వచ్చి, ఆ తరవాత అమెరికాకు వచ్చి, తను పుట్టిపెరిగిన పద్ధతిలో ఆ బల్ల దగ్గరకు వెళ్ళి అప్పటికే పదకొండేళ్ళయింది. దాని గురించి ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు. ఆదివారం తిరిగి వచ్చేటప్పుడు కారులో ముందు సీట్లో కూర్చుని, "ఈ నెల కూడా పాటలేనన్నమాట," అనేది. అంతే.

1978లో లూథరన్ల పెద్ద కృపావరంగారు తమ గిన్నెతో బల్ల జరిపించాలని ఒకసారి గట్టిగా ప్రయత్నించారు. గుంటూరులో హైస్కూలు లెక్కల మేష్టారుగా రిటైరై కొడుకు దగ్గరకు వచ్చిన మనిషి. పధ్నాలుగు ఇళ్ళలో పదమూడింటిని ఒప్పించారు. చివరి ఇల్లు ఆమోసుగారిది. ఆయన లేచి, "మా నాయనకు మాటిచ్చాను, నా వల్ల కాదు," అన్నారు. పని ఆగిపోయింది.

మరుసటి ఏడు వసంతంలో కంపెనీ ఆయన్ని నాలుగు నెలలు బెల్జియం పంపింది. జర్మనీ సరిహద్దులో ఓయ్‌పెన్ అనే చిన్న ఊరు. అద్దెకున్న ఇంటామెకు డెబ్భై ఏడేళ్ళు. పుట్టినప్పుడు ఆ ఊరు జర్మనీది. ఆమె పద్దెనిమిదో ఏట బెల్జియం అయింది. ముప్ఫై ఎనిమిదో ఏట మళ్ళీ జర్మనీ. యుద్ధమయ్యాక మళ్ళీ బెల్జియం. "ఇల్లు కదల్లేదండీ, దేశమే అటూ ఇటూ నడిచింది," అని ఆమోసుగారు నాకు చెప్పేటప్పుడు రెండు వేళ్ళు స్టీరింగ్ మీద నడిపించి చూపించేవారు. జర్మనీ చేతిలో ఉన్నప్పుడు ఆమె కొడుకుని బలవంతాన సైన్యంలోకి లాక్కెళ్ళారు. ఫ్రాన్సులో పోయాడు.

ఆ జూన్ పదో తేదీ ఆదివారం ఆమె చర్చిలో పూజ ముగించుకుని వచ్చి, చెయ్యి పట్టుకుని ఓటు వేసే చోటికి తీసుకెళ్ళమంది. తొమ్మిది యూరప్ దేశాల జనం ఒకే పార్లమెంటు సభకు తమ ప్రతినిధుల్ని తామే ఎన్నుకోవడం అదే మొదటిసారి. దారిలో ఆమోసుగారు, "ఆ సభకు పెద్ద అధికారాలు లేవటగా?" అన్నారు, పేపర్లో చదివింది గుర్తుపెట్టుకుని.

వచ్చీరాని ఇంగ్లీషులో ఆమె చెప్పిందట: "నా కొడుకు పోయిన ఊళ్ళో కూడా ఇవాళ ఇదే సభకు ఓటు వేస్తున్నారు. నాకు ఇప్పటికి అది చాలు. అధికారం మీ వయసు వాళ్ళు తెచ్చుకోండి."

ఆయన వయసు వాళ్ళంటే యూరప్ వాళ్ళని ఆమె ఉద్దేశం. ఈయన మాత్రం తనకే చెప్పినట్టు తీసుకున్నారు.

తిరిగి వచ్చాక మోకాలి ఊపు ఎక్కువైంది. వాషింగ్టన్‌లో ఆ దేశాల కూటమైన యూరోపియన్ కమ్యూనిటీ వాళ్ళ సమాచార కార్యాలయం ఉందని తెలుసుకుని ఉత్తరం రాశారు. ఉచితంగా పంపే కరపత్రాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు వాటిని నా చేత పైకి చదివించేవారు. దీపం పచ్చగా మారినా కదలకపోతే వెనక వాళ్ళు హారన్ కొట్టేవారు.

"చూశారా! అక్కడా ఇదే జబ్బు. ఒక్క దేశం 'ఇది మా ప్రాణాధారమైన విషయం' అంటే చాలు, మిగతా వాళ్ళంతా నోరు మూసుకోవాలి."

"మీరు 1978లో చేసినట్టా?"

"సరిగ్గా నేను చేసినట్టే," అని లేన్ మార్చారు.

1984 ఫిబ్రవరిలో ఆ యూరప్ సభ ఒక కొత్త ఒప్పందం ముసాయిదాను ఆమోదించింది. అనుకూలం రెండు వందల ముప్ఫై ఏడు, వ్యతిరేకం ముప్ఫై ఒకటి. దేశాల్లో సగానికి మించి ఒప్పుకుని, ఆ దేశాల జనం మొత్తం జనంలో మూడింట రెండొంతులు ఉంటే చాలు, అది అమల్లోకి రావచ్చని అందులో రాశారు. ఆమోసుగారు ఆ పేజీ చింపి జేబులో పెట్టుకున్నారు. వారం తిరక్కుండా సహవాసానికి కొత్త రూలు టైప్ చేశారు: మూడు సంఘాల్లో రెండు ఒప్పుకోవాలి, మొత్తం ఇళ్ళలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. ఇంటికొక ఓటు. పెద్ద గుంపు చిన్నవాళ్ళను తొక్కలేదు, చిన్న గుంపు పెద్దవాళ్ళను కట్టెయ్యలేదు.

చిక్కేమిటంటే, పాత రూలు మార్చడానికి పాత రూలు ప్రకారం అందరూ ఒప్పుకోవాలి. నెల రోజులు ఇంటింటికీ తిరిగారు. ట్రాయ్, కాంటన్, ఎక్కడెక్కడో. నేనూ కొన్నిసార్లు వెంట వెళ్ళాను. ఎవరింట్లోనూ కూర్చోలేదాయన, టీ కప్పు పట్టుకుని సోఫా చుట్టూ నడిచేవారు. చివరకు కృపావరంగారి ఇల్లు మిగిలింది.

"వందనాలండీ."

"వందనాలు. ముందు కూర్చోవయ్యా ఆమోసూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఆ బెల్జియంలో ఏం తిని వచ్చావు నువ్వు? ఆనాడు కాదన్నది నువ్వే కదా?"

"నేనేనండీ. ఒక్కణ్ణి పదమూడు ఇళ్ళని ఆపాను."

"ఇప్పుడు నా ఇంటి వంతు వచ్చింది. నేను కాదంటే?"

"ఆగిపోతుంది. నన్ను మీరంతా భరించారు. మిమ్మల్ని నేనూ భరించాలి."

కృపావరంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లెక్క చూశావా? మావి పదకొండు ఇళ్ళు, సి.ఎస్.ఐ. వాళ్ళవి అయిదు, మీవి ఏడు. మాదీ వాళ్ళదీ కలిస్తే పదహారు. ఇరవై మూడింటికి నీకు కావలసింది సరిగ్గా పదహారే. మా గిన్నె గెలుస్తుంది. మీ నాయనకిచ్చిన మాటేం చేస్తావు?"

"దాని గురించే నిద్ర పట్టడం లేదండీ," అన్నారు ఆమోసుగారు. "అయినా రూలు మారాలి."

ముసలాయన కాగితాన్ని నాలుగుసార్లు చదివి సంతకం పెట్టారు. ఏప్రిల్లో రూలు మారింది.

మే నెలలో గిన్నె మీద ఓటు పెట్టారు. ఆ రోజు నేను హాల్లో వెనక కుర్చీలో ఉన్నాను. కృపావరంగారు ఇంటిపేర్లు పిలుస్తున్నారు, ఇంటిపెద్ద లేచి అవుననో కాదనో చెప్పాలి. లూథరన్ ఇళ్ళు పదకొండూ అవునన్నాయి. సి.ఎస్.ఐ. ఇళ్ళలో నాలుగు అవునన్నాయి. అయిదోది సుమతిగారిది. భర్త లేరు, హాస్పిటల్లో నర్సు.

"ఒకే గిన్నెలో ఇంతమంది మూతులు పెట్టడం హైజీన్ కాదండీ. నేను నో," అంది.

హాలంతా కలకలం. బాప్టిస్టు ఇళ్ళు ఆరు వరసగా కాదన్నాయి. అవునన్నవి పదిహేను, కాదన్నవి ఏడు. ఒక్క ఇల్లు మిగిలింది. రూలు రాసినవాడు కాబట్టి మర్యాదకు తన పేరు చివర పెట్టుకున్నారు ఆమోసుగారు. ఆ ఇల్లు అవునంటే బల్ల జరుగుతుంది. కాదంటే మళ్ళీ పాటలే.

ఆయన లేచారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు.

"అన్నా, చెప్పెయ్. ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు సుందర్ రాజ్. ఒంగోలు వాడే, ఆయనకు బాగా కావలసినవాడు.

అప్పుడు జ్ఞానమ్మగారు కూర్చున్న చోటునుంచే అడిగింది. "ఏమండీ, ఇంటికొక ఓటని రాశారు. ఇంట్లో ఎవరిదో రాశారా?"

ఎవరో నవ్వారు. వెనక వరసలో ఆడవాళ్ళు నవ్వలేదు.

"రాయలేదమ్మా," అన్నారు కృపావరంగారు. "నేను నాలుగుసార్లు చదివాను."

ఆమోసుగారి మొహం చూశాను. దేశాల సంఖ్యా జనాభా లెక్కలూ అన్నీ చూసుకున్న మనిషికి ఇది తట్టనే లేదు. మగవాడున్న ఇంట్లో అతనే లేచి చెప్పాలని ఆయనా అనుకున్నారు, ఆ కాగితం చదివిన మిగతా ఇరవై ఇద్దరు ఇంటిపెద్దలూ అనుకున్నారు. హాలు చుట్టూ ఒకసారి నడిచారు. కుళాయి దగ్గర ఆగి నీళ్ళు తాగారు. తిరిగి వచ్చి భార్య ముందు నిలబడ్డారు.

"నీ మాటేంటి?"

"మీకు తెలియదా?"

"తెలుసు. అయినా అడగలేదు ఎప్పుడూ."

"నాది అవును."

"నాది కాదు," అన్నారాయన. "పిల్ల దెబోరాకి పదమూడేళ్ళు, దానికి ఓటు లేదు. ఇద్దరం సమానం."

"అయితే మీ ఇల్లు తటస్థమా?" అన్నారు కృపావరంగారు. "తటస్థమైతే పదిహేనే. ఆగిపోయినట్టే."

ఆమోసుగారు ఆయన వైపు తిరిగారు. "ఒకసారి నా మాట చెల్లింది కదండీ, ఆనాడు," అన్నారు. "ఇప్పుడు మా ఇంటి ఓటు జ్ఞానమ్మ చెబుతుంది."

ఆవిడ లేచి నిలబడి, "అవును," అంది.

"అమ్మేశావన్నా మమ్మల్ని!" అని సుందర్ రాజ్ కుర్చీ జరిపి వెళ్ళిపోయాడు. పార్కింగ్ దాకా ఆమోసుగారు వెంట పరుగెత్తారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు.

జూన్‌లో చికాగో నుంచి తెలుగు పాస్టరు అయ్యగారు వచ్చారు. ఆమోసుగారు అందరికన్నా ముందే వచ్చి బల్లలు జరిపి, గుడ్డ పరిచారు. బాప్టిస్టు ఇళ్ళలో రెండు రాలేదు. సుందర్ రాజ్ వచ్చాడు, మొహం గంటు పెట్టుకుని. సుమతిగారు శుభ్రమైన రుమాళ్ళ దొంతర తెచ్చి, ఒక్కొక్కరు తాగగానే గిన్నె అంచు తుడిచే పని తనే పెట్టుకుంది.

రొట్టె అందరూ తీసుకున్నారు. గిన్నె చేతులు మారుతూ వచ్చింది. ఆమోసుగారి దగ్గరకు రాగానే ఆయన రెండు చేతులా పట్టుకున్నారు. మోకాలు ఆడుతోంది, వైన్ అంచుదాకా కదిలింది. తల వంచారు. తాగలేదు. పక్కకు తిరిగి జ్ఞానమ్మగారి పెదవుల దగ్గర పెట్టారు. ఆవిడ తాగింది. కళ్ళు తుడుచుకోకుండానే గిన్నె సుందర్ రాజ్‌కి అందించింది. అతనూ తల వంచి, తాగకుండానే పక్కవాడికిచ్చాడు.

భోజనాల దగ్గర కృపావరంగారు ఆమోసుగారి ప్లేట్లో గోంగూర వడ్డిస్తూ, "తాగకుండా దాటిస్తే ఏం చెయ్యాలో నీ రూల్లో లేదయ్యా," అన్నారు.

"లేదండీ. అమెండ్‌మెంట్ పెడతాను."

"పెట్టు, పెట్టు. నువ్వు ఊరుకుంటే మాకేం తోస్తుంది!"

సోమవారం పొద్దున కారెక్కగానే అడిగాను, ఇక స్థిమితంగా ఉందా అని. లేదన్నారు. రాత్రి దేవుడి ముందు కూర్చుంటే తండ్రి మొహమూ కనిపించిందట, జ్ఞానమ్మగారి మొహమూ కనిపించిందట. సుందర్ రాజ్ ఫోను ఎత్తడం లేదట. ఆ యూరప్ ముసాయిదాకు కూడా దేశాల ప్రభుత్వాలు మొహం చాటేస్తున్నాయని కొత్త కరపత్రంలో ఉంది.

"అయితే ఏం చేస్తారు?"

"ఇంటికొకటి తీసేసి మనిషికొక ఓటు పెట్టాలి. ఆడవాళ్ళకి, పద్దెనిమిది దాటిన పిల్లలకి. వచ్చే నెల ప్రతిపాదన ఇస్తాను."

మనసులోనే లెక్క కట్టి చూశాను. లూథరన్ ఇళ్ళలోనే మనుషులు ఎక్కువ. "అలా అయితే మీ చిన్న గ్లాసులు ఎప్పటికీ గెలవవేమో?"

"గెలవవు. నేనూ చూశాను లెక్క," అంటూ ఆయన ఇండికేటర్ వేసి, ఫ్రీవే మీదకు ఎక్కారు. "ట్రాయ్‌లో కొత్తగా వచ్చిన మీనా వాళ్ళది నెల్లూరా, గుంటూరా? మీకేమైనా తెలుసా?"