తువ్వాలు లేని స్నానం

మొన్న ఫోన్లో నువ్వడిగావు గదా పెద్దదానా, "అమ్మమ్మా, నాకున్నదే నీకూ ఉందంట కదా, మరి నన్ను చిన్నప్పుడు కింద పడేశావా?" అని. వెనక నుంచి మీ తమ్ముడి నవ్వు వినపడుతూనే ఉంది. చెబుదామనుకునేలోపు స్టవ్ మీద పాలు పొంగాయి. ఫోను పెట్టేసి పరిగెత్తాను. అందుకని ఇప్పుడు తీరిగ్గా ఇద్దరికీ చెబుతున్నా. పడెయ్యలేదు. ఎందుకు పడెయ్యలేదో మాత్రం నాకిప్పటికీ అర్థం కాలేదు.

అప్పట్లో మేం పటమటలో ఉండేవాళ్ళం. మీ తాతయ్యకి ఆటోనగర్లో లారీ సామాన్ల కొట్టు. మా ఇంట్లో గాజు వస్తువు అనేది ఉండేది కాదు. పెళ్ళికొచ్చిన గాజు గ్లాసులు ఒక్కొక్కటే పోతుంటే, మీ తాతయ్య మిగిలిన వాటిని అట్టపెట్టెలో కట్టి అటక మీద పెట్టించి, అన్నీ స్టీలువి కొన్నారు. చుట్టాలొచ్చినా స్టీలు గ్లాసుల్లోనే మజ్జిగ. తలుపు చెక్కకి భుజం కొట్టుకునేదాన్ని. బల్ల అంచు నడుముకి తగిలేది. స్నానానికి వెళ్ళినప్పుడు ఒంటి మీద కమిలిన మచ్చ చూసుకుని, ఇదెప్పుడు తగిలిందబ్బా అని ఆలోచిస్తూ నిలబడిపోయేదాన్ని. ఈలోగా బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోయేవి.

"మా ఆవిడా ఆటోనగర్ బండీ ఒకటేనండి, వారానికోసారి డెంటింగు పెయింటింగు ఉండాల్సిందే" అని మీ తాతయ్య వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఏం చేస్తాం.

నాకు తికమక ఎక్కడంటే, అవే చేతులు మల్లెమొగ్గలు చూడకుండానే మాల కట్టేవి. తెల్లవారుజామున గుమ్మంలో పెద్ద చుక్కల ముగ్గు వేస్తే ఒక్క గీత అటూ ఇటూ పొయ్యేది కాదు. అంతా అయ్యాక లేచి, వెనక్కి తిరిగి, దాన్నే తొక్కుకుంటూ లోపలికి వచ్చేదాన్ని. ముగ్గు మధ్యలో నా కాలి ముద్ర చూసి ఎదురింటావిడ రోజూ అడిగేది, "ఏమండీ, లక్ష్మీదేవి ఇవాళ కూడా వచ్చినట్టుందే" అని.

ఇంకో సంగతి. ఎవరన్నా "జాగ్రత్త" అన్నారంటే ఇక అయిపోయినట్టే. ఆ మాట అననంతసేపూ చేతిలో ఉన్న గిన్నె, అనగానే కింద ఉండేది.

అలాంటి రోజుల్లో మీ అమ్మకి నెలలు నిండాయి. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా. బిడ్డకి నీళ్ళు పోసేది అమ్మమ్మే. చిన్న పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తారు. మా అమ్మ నా పిల్లకి అలాగే పోసింది. పక్కన చెంబు పట్టుకుని నిలబడి చూశాను. ఏనాటికైనా నేనూ పోస్తాననుకున్నాను. నాకున్న కోరికల్లా అదొక్కటే అంటే నవ్వకండి.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మీ అమ్మ మంచం మీద నుంచే, నా మొహం చూడకుండా అంది, "అమ్మా, నీళ్ళు పొయ్యడానికి అత్తని రమ్మన్నాను."

అత్త అంటే మీ తాతయ్య వాళ్ళ అక్కగారు. నేను వదినగారనేదాన్ని. భవానీపురంలో ఉండేది.

"అట్టాగేలే" అన్నాను.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా."

"అట్టాగే అన్నాగా."

నమ్మకం లేకే. నాకూ లేదు, ఇక దానికెక్కడుంటుంది. వేణ్ణీళ్ళ బిందె దించబోయి సగం వసారా తడిపేసిన అమ్మని చూస్తూ పెరిగిన పిల్ల అది. కోపం రాలేదు. కానీ వదినగారు రోజూ పొద్దున్నే బస్సు దిగి వచ్చి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని నిన్ను కాళ్ళ మీద వేసుకుంటుంటే, నేను వంటింట్లోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా డబ్బాలు సర్దుతూ ఉండేదాన్ని.

"అమ్మాయ్, నీళ్ళు అందుకో" అని కేకేసేది. మళ్ళీ వెంటనే, "వద్దులే, నేనే తీసుకుంటా, నువ్వక్కడే ఉండు" అనేది. ఆమె మంచిదే.

ఒకరోజు ఊళ్ళో బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. మీ తాతయ్య కొట్టు తియ్యక, వీధి చివర కబుర్లకి పోయారు. వదినగారు రాలేదు. ఒళ్ళు తుడిచి ఊరుకుందామంది మీ అమ్మ. నువ్వు ఊరుకోనిస్తేగా. మెడ దాకా దొడ్డికి వెళ్ళి కూర్చున్నావు. మీ అమ్మకి కుట్లు పచ్చిగా ఉన్నాయి, కింద కూర్చోలేదు.

మీ అమ్మ నా వంక చూసింది.

"నీకు వీలవుద్దా?" అంది.

"ఏమో మరి" అన్నాను.

నిన్ను నా చేతుల్లో పెట్టింది. పెట్టి, "జాగ్రత్తమ్మా" అంది.

అనకూడని ఆ మాట అననే అంది. అయినా వెనక వసారాలో కుళాయి దగ్గరికి అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళాను. కూర్చుని కాళ్ళు జాపి నిన్ను వేసుకున్నాను. ఇక చిత్రం ఏంటంటే, ఆ తర్వాత నాకు గాభరా అన్నదే లేదు. నా కాళ్ళు నేల మీద, నువ్వు నా కాళ్ళ మీద. అంతకంటే కింద పడడానికి చోటే లేదు. నీ వీపు నా అరచేయంత ఉంది. నూనె రాస్తుంటే ఏడుపు మానేసి మూలిగావు. చెవుల్లో నీళ్ళు పోకుండా చెయ్యి అడ్డం పెట్టి తలకి పోశాను. నా చెయ్యి నా మాట విన్నదో, నేనే చేతి మాట విన్నానో తెలియదు. అసలు వేరే ఏ ఆలోచనా రాలేదు. ఎప్పుడూ నాలుగు ఆలోచనలుండే బుర్రలో అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు.

ఆఖరి చెంబు పోసి, తువ్వాలు కోసం పక్కకి చెయ్యి చాపాను.

తువ్వాలు లేదు. లోపల మంచం మీదే ఉంది. మడతపెట్టి మరీ పెట్టుకున్నాను, పట్టుకెళ్ళాలని.

నువ్వు నూనెతో, నీళ్ళతో చేపపిల్లలా ఉన్నావు. గాలి తగిలి గుక్కపట్టావు. మీ అమ్మని పిలిచాను. నా గొంతు సంగతి మీకు తెలుసుగా, పక్క గదికే చేరదు, అందులో నీ ఏడుపు. నిన్ను పట్టుకుని లేవాలంటే తడి గచ్చు. లేస్తే పడతానని నాకు తెలుసు. అంత గట్టిగా తెలిసింది నా జీవితంలో అదొక్కటే అనుకుంటా.

అందుకని లేవలేదు. పమిట ఊడదీసి నిన్ను చుట్టి గుండెకి అదుముకున్నాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే, చంటిపిల్లల్లాగా దేకడం మొదలుపెట్టాను. కొంచెం దేకడం, ఆగడం. వసారా దాటాను. గడప ఎక్కడమే కష్టమైంది. వెనక్కి తిరిగి దాని మీదికి జరిగి కూర్చున్నాను. చీర నడుము దాకా తడి, జుట్టు ఊడిపోయింది, ఊపిరి అందడం లేదు.

సరిగ్గా అప్పుడే వీధి వాకిట్లోంచి వదినగారు. ఎవరి స్కూటరో బతిమాలి ఎక్కి వచ్చింది.

"అయ్యో రాత, గడప మీద కూర్చుంటారా ఎవరన్నా? పిల్లేదీ?"

"ఇదిగో" అన్నాను.

"నువ్వు పడ్డావా?"

"లేదు వదినా, దేకాను."

"దేకావా? ఎందుకు?"

"తువ్వాలు మర్చిపోయా."

ఆమెకి అర్థం కాలేదు. ఆ మాటలకి మీ అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. నన్ను చూసింది, నేల మీద వసారా నుంచి గడప దాకా వెడల్పుగా పాకిన తడి చారని చూసింది. ముందు నవ్వింది. కడుపు పట్టుకుని, "అమ్మా, నవ్వించకే, కుట్లు" అంటూనే గోడకానుకుని ఏడ్చింది. ఎందుకో నేను అడగలేదు. నువ్వు నా పమిటలో వెచ్చగా నిద్రపోయావు.

సాయంత్రం వదినగారు బయల్దేరుతుంటే మీ అమ్మ అంది, "అత్తా, రేపు నీళ్ళు అమ్మ పోస్తది. నువ్వు తువ్వాలు పట్టుకో."

"నేనా? తువ్వాలు పట్టుకోవడానికా?" అంది ఆమె. కానీ మర్నాడు వచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని, నా పక్కనే నిలబడి, ఒక్కసారి కూడా జాగ్రత్త అనలేదు.

తర్వాత మీరు పూణే వెళ్ళారు. స్కూల్లో నువ్వు అన్నీ పడేస్తున్నావని, కుదురుగా కూర్చోవని డాక్టరుకి చూపించారు. నేనొచ్చినప్పుడు నన్నూ తీసుకెళ్ళారు. ఆయన నన్ను కూడా ఏవేవో అడిగి, మనిద్దరిదీ ఏడీహెచ్‌డీ అని, అంటే బుర్ర ఒకచోట నిలవకపోవడమని చెప్పి, మీ మనవరాలికి మీ దగ్గర్నుంచే వచ్చి ఉండొచ్చన్నాడు. అరవై ఏళ్ళకి నాకో పేరు దొరికింది. అది పట్టుకుని ఏం చెయ్యాలో తెలియడం లేదు. తువ్వాలు మర్చిపోవడం దానివల్లే అన్నాడు, సరే. మరి నిన్ను వదలకుండా పట్టుకున్నది ఎవరు? అది కూడా అదేనా, లేక నేనా? డాక్టర్ని అడుగుదామనుకుని, బయటికొచ్చాక గుర్తొచ్చింది.

మీ తమ్ముడికీ నేనే నీళ్ళు పోశాను. అప్పుడు తువ్వాలు ముందే మెడలో వేసుకున్నా. సున్నిపిండి మర్చిపోయా. నవ్వుతున్నాడుగా, వాడికి చెప్పు.

ఉంటానిక. మొన్న మాడిన పాలగిన్నె నానబెట్టాను. ఎక్కడ పెట్టానో చూడాలి.