హెచ్ఆర్‌కు పదో మనిషి

ఆ గురువారం మధ్యాహ్నం సెమినార్ హాల్లో ఉన్నవాళ్లు: ఎంబీఏ మొదటి ఏడాది పరీక్షలు రాసి వచ్చిన విద్యార్థులు నలభై ఆరుగురు, విభాగాధిపతి, హెచ్ఆర్ చెప్పే మేడం, ఫారాలు పంచడానికి వచ్చిన అటెండరు. ఉన్నవి: తిరిగే ఫ్యాన్లు మూడు, తిరగనిది ఒకటి, బోర్డు మీద ఎవరూ చెరపని సగం బ్యాలెన్స్ షీటు, ఒక్కొక్కరి చేతిలో ఒక పసుపు కాగితం. రానివాళ్లు ఇద్దరు. ఒకడిది పుంగనూరు, ఇంకొకడిది కుప్పం.

మా క్లాసులో ఊరి పేర్లే పిలుపులు. ‘ఏం పుంగనూరూ’, ‘రా కుప్పం’ అంటే ఎవరూ తప్పుగా అనుకునేవాళ్లు కాదు. నాది మదనపల్లె. కానీ క్లాసులో సగం మందిది మదనపల్లే కావడంతో, బీటెక్‌లో నేను చదివిన బ్రాంచిని బట్టి నన్ను ‘మెకానికల్’ అని పిలిచేవాళ్లు. ఏడాదంతా మేము ఒక జట్టుగా చదువుకున్నాం. పుంగనూరు, కుప్పం, నేను, అక్క. అక్కను ఊరి పేరుతో ఎవరూ పిలవలేదు. మా అందరికంటే పదేళ్లు పెద్దది. మదనపల్లెలోనే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. జీతం లేని సెలవు పెట్టి చదువుకు వచ్చింది.

మొదటి ఏడాది సబ్జెక్టులు అందరికీ ఒకటే. వాటిని మేము నలుగురం పంచుకున్నాం. ఎవరి సబ్జెక్టు వాళ్లు బాగా చదివి మిగతా ముగ్గురికీ చెప్పాలి. అకౌంటింగ్, ఫైనాన్స్ కుప్పానివి. అతను చెప్పేదాకా డెబిట్ ఎటువైపో నాకు ఎక్కలేదు. బిజినెస్ లా పుంగనూరుది. సెక్షన్ నంబర్లతో సహా పద్యంలాగా అప్పజెప్పేవాడు. స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్ నావి. ఎకనామిక్స్‌ను ఎవరికీ ఇవ్వలేదు. డిమాండ్, సప్లై గీతలకు సారు టమోటా ధర తప్ప వేరే ఉదాహరణ చెప్పేవారు కాదు, టమోటా మార్కెట్టున్న ఊళ్లో అది మాకు కొత్త కాదు. మార్కెటింగ్ తమకు వచ్చునని అందరూ అనుకున్నారు, మార్కులు చూసేదాకా. ఓబీ అని పిలుచుకునే ఆర్గనైజేషనల్ బిహేవియర్, హెచ్ఆర్ అక్కవి.

ఒకసారి ఆపరేషన్స్ అసైన్‌మెంట్ కోసం నేను ఒక ఆసుపత్రి వార్డుకు డ్యూటీ షెడ్యూలు తయారు చేశాను. తక్కువ మందితో మూడు షిఫ్టులూ నిండాలి. నిండాయి. అక్క ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

“బాగుండాదప్పా. నర్సులందరూ నట్లు, బోల్టులైతే ఇంకా బాగుంటాది.”

“తప్పెక్కడుందో చెప్పక్కా.”

“తప్పేం లేదులే. ఈ మూడో వరసలో ఉండే పిల్లకు పాలు తాగే బిడ్డ ఉండాది అనుకో. ఆ బిడ్డ నీ షెడ్యూల్లో యాడుండాది?”

నేను నవ్వేశాను. మార్కులు బాగానే వచ్చాయి.

అక్కకు కావలసింది ఒక్కటే. వాళ్ల ఆసుపత్రి ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసే పెద్దాయన రెండేళ్లలో రిటైర్ కాబోతున్నారు. ఎవరికి రాత్రి డ్యూటీ, ఎవరికి సెలవు అనేది ఆ కుర్చీలోనే తేలుతుంది. ఎంబీఏలో హెచ్ఆర్ స్పెషలైజేషన్ ఉన్నవాళ్లనే ఆ కుర్చీకి తీసుకుంటామని ఆసుపత్రి వాళ్లు ముందే చెప్పారు. అక్క దానికోసమే సెలవు పెట్టింది. “ఇంగో పదేండ్లు సెలైన్లు ఎక్కించే ఓపిక నాకుండాది. కానీ ఆ కుర్చీలో వార్డు సూసినోళ్లు ఒకరు కూర్చోవాల గదా” అనేది.

రెండో ఏడాదికి స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్ఆర్. పసుపు ఫారంలో మూడు గళ్లున్నాయి, ఒకదానిలో టిక్కు పెట్టాలి. సోమవారం మధ్యాహ్నం దాకా మార్చుకోవచ్చు. “ఏ గ్రూపుకైనా పదిమంది ఉండాల్సిందే. తొమ్మిదైతే నడపం” అన్నారు విభాగాధిపతి. తప్పు పట్టడానికి లేదు, ఆ రూలు అన్నిచోట్లా ఉండేదే.

హాల్లోనే చాలామంది టిక్కు పెట్టి ఇచ్చేశారు. మగపిల్లల లెక్కలో ఫైనాన్స్ అంటే బెంగళూరు, మార్కెటింగ్ అంటే బండీ తిరుగుడూ, హెచ్ఆర్ అంటే ఆడపిల్లల గ్రూపు. నేనూ ఫైనాన్స్‌కే పెట్టాను. అటెండరు కట్టలు విడదీస్తుంటే పక్కన నిలబడి లెక్క చూశాను. హెచ్ఆర్‌కు ఎనిమిది.

“ఇంకా మనవాళ్లు ఇద్దరున్నారు కదక్కా” అన్నాను.

“వాళ్లను బతిమాలొద్దప్పా. ఇష్టముంటే వాళ్లే రాస్తారు.”

“బతిమాలను. ఊరికే కనుక్కుంటాను.”

“నీ కనుక్కోవడం నాకు తెలీదా. మార్కెటింగ్ క్లాసు సర్వే అప్పుడు సూసినా గదా, ఒక్కోరిని ఇరవై ప్రశ్నలడిగి ఏడిపిస్తివి.”

శనివారం పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాను. ఫోన్‌లో మాట్లాడితే తేలిగ్గా కాదంటారు, ఎదురుగా ఉంటే కాదనడం కష్టం అని నా అంచనా. ఆ అంచనాలోనే చిక్కుందని అప్పటికి తెలియదు.

పుంగనూరు వాళ్ల ఇల్లు ఊరి చివర. పాల క్యాన్లు కడిగి గోడ వెంట బోర్లించి ఉన్నాయి. వాళ్లమ్మ నన్ను గడపలోనే ఆపేసింది.

“ఎండలో యాల వస్తివప్పా? ముందు కాళ్లు కడుక్కో. మాటలు మళ్లా.”

రాగిసంగటి, కోడికూర, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి. పుంగనూరు నా పక్కన, వాళ్ల నాన్న ఎదురుగా కూర్చున్నారు. తింటూనే అక్క సంగతి మొత్తం చెప్పాను. ఎనిమిది అయ్యారని, ఇద్దరు కావాలని చెప్పాను. ఓబీ పేపరు వాడు గట్టెక్కింది అక్క వల్లే అని కూడా గుర్తుచేశాను. వాడు తల ఊపాడు.

“అట్లే అన్నా. రాస్తాలే.”

వాళ్ల నాన్న కూడా అన్నాడు: “మంచిదే గదా. నలుగురికి పనికొచ్చే సదువు.” వెంటనే లోపలికి తిరిగి, “ఏమే, ఆ అబ్బికి ఇంగో ముద్ద పెట్టు” అన్నాడు.

బయటికి వచ్చి ఫోన్‌లోని జాబితాలో పుంగనూరు పక్కన టిక్కు పెట్టాను. తొమ్మిది.

అక్కడి నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. అతను సెలవుల్లో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో బిల్లులు రాస్తున్నాడు. మిషన్ల మోతలో మాట వినపడక గేటు బయట వేపచెట్టు దాకా నడిచాం. అతని కనుబొమ్మల మీద కూడా రాతిదుమ్ము ఉంది. అక్క పేరు ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

“నేను రాయను. మా ఓనరు సదువైనాక అకౌంట్స్‌కు రమ్మంటాండాడు. ఫైనాన్స్ ఉంటేనే.”

“అక్క కోసం…”

“అక్క కోసమని నువ్వు రాసినావా?”

ఫైనాన్స్‌కే పెట్టానని చెప్పాను.

“సూసినావా! మనుషులను ఈడి నుంచి ఆడికి జరుపుతాండావు, నీ ఆపరేషన్స్ మాదిరి. నువ్వు మాత్రం జరగవు.”

కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. టీ తాగించాడు, బస్టాండు దాకా బండి మీద దించాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చాడు.

“సూడు. సోమవారం నేనూ వస్తా. ఒకటి, కరెక్టుగా ఒకటే తక్కువైతే నాకు సెప్పు. రెండు మూడు తక్కువైతే వొద్దు. అప్పుడు నేను రాసినా లాభం లేదు.”

“చెబితే రాస్తావా?”

“రాస్తాలేప్పా. ముందు లోపలికి జరుగు, కండక్టరు నిన్నే తిడతాండాడు.”

జాబితాలో అతని పేరు పక్కన ఇంటూ పెట్టాను. పలమనేరు వచ్చేదాకా అతను అడిగిన మాటే బుర్రలో తిరిగింది. పలమనేరు దాటాక నాకు నేనే ఒక టిక్కు పెట్టుకున్నాను. ఫైనాన్స్ పోతే పోనీ, నాకు అది తప్ప దారి లేదని కాదు. పది అయింది. ఆ సాయంత్రం నాకున్నంత సంతోషం పరీక్షా ఫలితాలప్పుడు కూడా లేదు.

ఆదివారం అక్క చర్చి నుంచి వచ్చే వేళకు ఫోన్ చేసి చెప్పాను. “దేవునికి స్తోత్రం” అంది మెల్లగా. “పదో మనిషివి నువ్వేనా?” అంది. అవునన్నాను. “పిచ్చోడివప్పా నువ్వు” అని పెట్టేసింది. ఆ సాయంత్రమే ఆసుపత్రి ఆఫీసుకు వెళ్లి హెచ్ఆర్ ఖాయమైందని చెప్పి వచ్చిందట. అది నాకు తర్వాత తెలిసింది.

సోమవారం పొద్దున అటెండరు దగ్గర కొత్త ఫారం తీసుకుని హెచ్ఆర్‌కు టిక్కు పెట్టి ఇచ్చాను. కుప్పం అన్నట్టే వచ్చాడు. ఆఫీసు కిటికీ ముందు ఫారం గోడకు ఆనించి, పెన్ను మూత తీసి, నా వైపు తిరిగాడు.

“ఎంతమంది?”

రెండు చేతుల వేళ్లూ చాచి చూపించాను.

“నిజంగా?”

“నిజంగా. పది.”

నా కళ్లముందే ఫైనాన్స్‌కు టిక్కు పెట్టాడు.

పుంగనూరు గడువుకు కాస్త ముందు వచ్చాడు. వరండా ఆ చివర నుంచి చెయ్యి ఊపి, నేరుగా లోపలికి వెళ్లి ఫారం ఇచ్చి, పాలబండి ఎదురుచూస్తోందని వెళ్లిపోయాడు. ఏం రాశావని అడగడానికి నాకు వ్యవధి ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు. కానీ మొన్ననే ఇంట్లో కూర్చోబెట్టి, రెండోసారి ముద్ద పెట్టించి సరే అన్న మనిషిని మళ్లీ అడిగితే, ఆ మాటను నమ్మనట్టే కదా. మర్యాద కాదనిపించింది.

మంగళవారం నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. మార్కెటింగ్ కింద చివరి పేరు పుంగనూరుది. హెచ్ఆర్ అన్న మాటకు ఎర్ర ఇంకుతో అడ్డగీత ఉంది.

వాడికి ఫోన్ చేశాను. దాచలేదు.

“అమ్మ సంగటి పెడతాంటే, నాయన ఎదురుగా కూర్చోనుంటే, కాదని ఎట్లనేది అన్నా? నువ్వేమో అంత దూరం వస్తివి. నాయనకు పాల డీలర్‌షిప్ తీసుకోవాలని ఉండాది. మార్కెటింగే రాయమని మొన్నటి నుంచి సెప్తాండాడు. నీకు అర్థమయ్యుంటాది అనుకుంటి.”

అర్థం కావలసిందే. నేనూ ఈ ప్రాంతం వాడినే. మా ఇంట్లోనూ, సంగటి తినే మనిషి ఏదడిగినా మా నాన్న సరే అంటాడు. ఆ సరేకు అర్థం కడుపునిండా తిని వెళ్లు అని మాత్రమే. అడిగినవాళ్లు దాన్ని అలాగే తీసుకుని మళ్లీ ఒకసారి, బజార్లోనో బస్టాండులోనో, అసలు సంగతి కనుక్కుంటారు. నేను మాత్రం దాన్ని టిక్కుగా రాసుకున్నాను. ముఖం మీదే కాదన్నవాడి మాటకు ఇంటూ పెట్టుకున్నాను. ఏడాదంతా మనుషుల ప్రవర్తన అనే సబ్జెక్టు చదివి, అందులో అక్క కంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నాను.

కుప్పం బోర్డు ముందే నిలబడి ఉన్నాడు.

“పది అంటివే.”

“అనుకున్నాను.”

“ఒకటి తక్కువైతే సెప్పమంటి గదప్పా. నేను పెన్ను పట్టుకోని అడిగితి గదా నిన్ను.”

ఇద్దరం విభాగాధిపతి గదికి వెళ్లాం. ఇప్పుడు మారతానని కుప్పం తనే చెప్పాడు. ఆయన విసుక్కోలేదు. కంప్యూటర్ తెర మా వైపు తిప్పి చూపించారు. జాబితా ముందురోజే యూనివర్సిటీకి వెళ్లిపోయింది. హెచ్ఆర్ మేడం‌కు బీబీఏ క్లాసులు కేటాయించారు. “ఒక్క రోజు ముందు రావాల్సిందయ్యా” అన్నారు.

అక్క మెట్ల మీద కూర్చుని కొత్త పసుపు ఫారం నింపుతోంది. గ్రూపు రద్దయిన తొమ్మిదిమందికీ మళ్లీ ఇచ్చారు. మార్కెటింగ్‌కు టిక్కు పెట్టింది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

“పోనీలేప్పా. ఆ పిల్లోణ్ని ఏమన్లేదు గదా నువ్వు? ఏమనాకు. సంగటి పెట్టినాళ్లు.” ఫారం మడుస్తూ మళ్లీ అంది: “ఆఫీసోళ్లకు నేను తొందరపడి సెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు మళ్లా పోయి కాదని సెప్పాల.”

నేను ఫైనాన్స్‌కు తిరిగి వెళ్లాను. నలుగురం పాసయ్యాం. ఆ కుర్చీలోకి బయటి నుంచి ఎవరో వచ్చారు. అక్క ఇప్పటికీ వార్డులోనే ఉంది, పట్టా బీరువాలో ఉందట. ఈమధ్య మా అమ్మకు రక్తపరీక్షకు తీసుకెళితే కారిడార్లో కనిపించింది. వరసగా అది మూడో రాత్రి డ్యూటీ, అప్పుడే దిగింది. “ఏమప్పా మెకానికల్, షెడ్యూల్లు వేస్తాండావా ఇంకా?” అని నవ్వింది. వేస్తున్నానని చెప్పాను. ఫ్యాక్టరీలో నా పనే అది. ఎవరైనా సరే అంటే, ఒక పూట ఆగి, బయట ఎక్కడైనా కలిసినప్పుడు మళ్లీ అడుగుతున్నాను. అది ఆమెకు చెప్పలేదు. చెబితే ఏం లాభం?

ఆ మంగళవారం నోటీసును ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. ఫోన్లు మారాయి, ఫోటో ఉంది. ఫైనాన్స్ ఇరవై ఒకటి. మార్కెటింగ్ పద్దెనిమిది. హెచ్ఆర్ తొమ్మిది.