గోల్కొండ దర్వాజ దగ్గర మా బాపు

మా బాపు సిద్దిరాములు మంథని దగ్గర మా ఊరి దొర ఉండే కోటలాంటి గడిలో ముప్ఫై ఏండ్లు జీతం ఉన్నాడు. గడి ముందు నుంచి పోయే మాబోటివాళ్లు చెప్పులు విడిచి చేతబట్టుకోవాలి. కూలీలు సంఘం పెట్టాక దొర పట్నం చేరాడు. గడికి తాళం పడింది, లోపల తుమ్మచెట్లు మొలిచాయి. అయినా అటు పోతే బాపు చెప్పులు విప్పుతూనే ఉన్నాడు.

ఎనభై నాలుగులో నేను హైదరాబాద్‌లో ఒక ప్రెస్సులో కాగితాలు మడిచే పనిలో ఉన్నాను. అచ్చయిందల్లా చదివేవాణ్ని. నన్ను చూడడానికి వచ్చిన బాపును ఒక ఆదివారం గోల్కొండకు తీసుకుపోయాను. రాజులు మట్టిలో కలిసిన కోటను చూస్తేనన్నా ఆయన బెరుకు పోతుందనుకున్నాను.

పెద్ద దర్వాజ కనబడగానే బాపు చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

"ఏసుకో బాపు. గీడ దొర లేడు, రాజు లేడు."

"గింత పెద్ద గడికి ఎవడో ఒకడు ఉండకుంట ఉంటడారా?"

చౌకీదారు నవ్వాడు. "అరే తాతా, గిది దర్గా గాదు. కాళ్లు కాల్తయ్, తొడుగు."

వెనక కాలేజీ పిల్లలు పకపకా నవ్వారు. ఒకడు నడుము వంచి దర్వాజకు దండం పెట్టి చూపించాడు. నా చెవులు వేడెక్కాయి.

"అందరి ముందట ఇజ్జత్ తీస్తున్నవ్. ఏసుకుంటవా, వాపస్ పోదామా?"

బాపు తొడుక్కున్నాడు. కానీ ఆ నడక చూడాలి. చప్పుడు రాకుండా, గోడవారగా, దొంగతనానికి వచ్చినవాడిలా. ఎంత పిలిచినా నా పక్కకు రాలేదు, వెనకే ఎక్కాడు.

కొండ మీద అమ్మవారి గుడి ఉంది. అక్కడ అందరూ చెప్పులు విడిచారు. మొక్కి బయటికొచ్చాక అందరూ తొడుక్కున్నారు, బాపు తప్ప. ఆయన మొహం తేటపడింది. "గుడికాడ ఇడిసిన గదరా, గట్లనే దిగుత" అన్నాడు.

రాళ్లు సెగలు కక్కుతున్నాయి. దొర పట్నంలో మేడ కట్టుకున్నాడు. ఆయన పెట్టిన భయం మాత్రం మా బాపు దగ్గరే ఉండిపోయింది. దిగినంతసేపూ నేను పళ్లు కొరుక్కుంటూ ఉన్నాను.

కింద నీడలో కూర్చుని అరికాళ్లు రుద్దుకుంటూ బాపే అడిగాడు. "కోపమొచ్చిందారా?"

"ఎవలకు భయపడ్డవ్ బాపు?"

"నాదేమున్నది, నా బతుకు గట్లనే ఎల్లింది. నువ్వు చెప్పులతోని టకటక ఎక్కుతుంటే ఎవడన్న ఆపుతడేమోనని ఎనుకనుంచి సూసుకుంట వచ్చిన. ఎవలు ఏమనలే."

ఆ మాట అని చిన్నగా నవ్వాడు. ఆయన వైపు చూడలేక నేను నా చెప్పుల కాళ్లు లోపలికి ముడుచుకున్నాను.