ఉప్పు, నెమలి, గొడుగు

ఆ రోజుల్లో నాకు పని కంటే తెలివి ఎక్కువని గట్టి నమ్మకం. సుచిత్ర చౌరస్తాలో టిఫిన్ సెంటర్ పైన చిన్న ఆఫీసు మాది. మేడ్చల్, శామీర్‌పేట స్టూడియోల వాళ్లు తీసే పెళ్లి ఫోటోలన్నీ మా లినక్స్ సర్వర్‌లో దాచేవాళ్లం. అది ఎక్కడో ముంబైలో ఉండేది, దాని మొహం మాలో ఎవరూ చూడలేదు. మా సార్ (మాటకోసారి "పరేషాన్ జెయ్యకుండ్రి" అంటాడని ఆయనకు పరేషాన్ సార్ అని పేరు పెట్టాం) ఒకరోజు, "దానికి బ్యాకప్ పెట్టమ్మా, జల్దీ," అన్నాడు. ఆ జల్దీ నా చెవికెక్కలేదు. వారాల తరబడి సాఫ్ట్‌వేర్‌లకు పెళ్లిచూపులు జరిపాను. మారిన ఫైళ్లను మాత్రమే ఇంకో సర్వర్‌కు పంపే ఆర్‌సింక్ మరీ సాదాసీదాగా కనిపించింది. ఇంకొకటి రోజుకో నకలు దాస్తుంది గానీ తాళం వేయదు. దొంగలు పడితే? చివరికి ప్రతి ఫోటోకూ తాళం వేసి మరీ వేరే చోటికి పంపేదాన్ని మెచ్చాను. దానికి ఒకదానికొకటి సంబంధం లేని మాటలతో పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టి, లాల్‌గడి మలక్‌పేట్‌లో మా ఇంట్లో అవ్వ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ కూడా పైకే వల్లె వేశాను. తర్వాత బ్యాకప్ దానంతటదే నడవాలని ఆ పాస్‌వర్డ్‌ను ఒక ఫైల్లో రాసి పెట్టాను. ఎక్కడ? ఆ సర్వర్‌లోనే. ఇక గుర్తు పెట్టుకునే బాధ తప్పిందని హాయిగా మర్చిపోయాను.

కొన్ని నెలలకు సర్వర్ డిస్కు పోయింది. "బ్యాకప్ ఉంది కదా సార్," అన్నాను ధీమాగా. బ్యాకప్ నిజంగానే క్షేమంగా ఉంది, పాస్‌వర్డ్ అడిగింది. ఉప్పు, నెమలి, గొడుగు... చివర్లో రైలు ఉందని తెలుసు, మధ్యలో ఏముందో తెలియదు. ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపలే పెట్టి వచ్చాను. స్టూడియోల వాళ్లేమో మమ్మల్ని నమ్మి తమ దగ్గరివి చెరిపేసుకున్నారు. సార్ ఆ పూట పరేషాన్ అనే మాటే ఎత్తలేదు. "ఎంతమంది పెండ్లిళ్లమ్మా," అన్నాడు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు, అంతమంది పెళ్లికూతుళ్ల మొహాలు నావల్ల పోయాయని.

బస్సు దిగి ఇంటికొస్తే అవ్వ లేదు. పక్కింటి కొట్టంలో ఉంది. నీరసంగా ఉన్న దూడ చుట్టూ ఉప్పు తిప్పుతూ దిష్టి తీస్తోంది. "ఉప్పు, నెమలి, గొడుగు, పిడక, జామకాయ, రైలు. థూ!"

కొట్టంలోకి పరుగెత్తాను. "అవ్వా, ఏంది గది?"

"నువ్వు ఉల్లిగడ్డలు కోసుకుంట సదివిన మంత్రమే బిడ్డా. మస్తు పనిజేస్తాంది. నిన్న లేవని దూడ ఇయ్యాల లేసి పాలు తాగింది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. కొట్టంలో నుంచే సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. తాళం తెరుచుకుంది. "ఏడ దొరికిందమ్మా?" అన్నాడు. "ఇంట్ల భద్రంగ దాసిన్న సార్," అన్నాను (అబద్ధమేం కాదు).

ఇప్పుడు తాళంచెవి రెండు చోట్ల దాస్తాను. అప్పుడప్పుడూ ఏదో ఒక ఆల్బమ్ తెరిచి బ్యాకప్ పనిచేస్తోందో లేదో చూస్తాను. తెలియని పెళ్లికూతురెవరో నవ్వుతూ కనిపిస్తే, దొంగలకు భయపడి తనకే తలుపు మూసుకున్న ఆ ఉల్లిగడ్డల పిల్ల మీద నాకూ నవ్వొస్తుంది. పాత పాస్‌వర్డ్‌ను ఆ వారమే మార్చేశాను. మా వీధి దూడలన్నీ విన్నాయి మరి. నువ్వు కూడా దాన్ని వాడొద్దని అవ్వకు చెప్పి చూశాను.

"నీది నువ్వు మార్సుకో బిడ్డా," అంది అవ్వ. "నాది మంచిగనే పనిజేస్తాంది."