కుప్పం చీటీలు, మదనపల్లె వడలు

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయిన రోజులవి. మదనపల్లెలో ఒక ప్రైవేటు పాలడెయిరీ హెడ్డాఫీసులో నేను కంప్యూటర్ల మేధావిని. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు చోట్లా మాకు పాల కేంద్రాలుండేవి, ఒక్కోదానికి ఒక సర్వరు. పాలు పోసినవాళ్ళకు లీటర్లెన్నో, వెన్న శాతమెంతో చీటీ ప్రింటై రావాలి. చీటీ చేతికి రానిదే జనం పక్కకు జరగరు. వరస ఆగిందంటే వెనకవాళ్ళ పాలు ఎండకు విరిగిపోతాయి.

ఊరూరూ తిరిగి సెట్టింగులు మార్చే ఓపిక లేక నేనొక అచ్చు తయారుచేశాను. ఇటుకల అచ్చు లాంటిదే, కాకపోతే మధ్యలో ఖాళీలుంటాయి. ఏ ఊరి సర్వరైతే ఆ ఊరి వివరాలు ప్రోగ్రామే నింపి, అరగంటకోసారి సెట్టింగుల ఫైలును కొత్తగా రాసేస్తుంది. ఎవరైనా చేత్తో మార్చినా అరగంటలో చెరిపేస్తుంది. ఫైలు మొదటి లైన్లోనే ‘చేత్తో ముట్టవద్దు’ అని ఇంగ్లీషులో రాయించాను. తెలుగులో రాస్తే నా గొప్ప తగ్గిపోదూ!

కుప్పం కేంద్రం అన్నిటికన్నా వెనక తెరిచారు. అక్కడి ఆపరేటరు నలభై దాటినవాడు, పక్క పల్లెలో ఆవులు పెట్టుకున్న ఇంటివాడు. కంప్యూటరు సొంతంగా నేర్చుకున్నాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. తెరిచిన వారానికే ఫోన్ చేశాడు.

“సార్, చీటీలు ఈడ రాలేదు. ఫైల్లో ప్రింటరు అడ్రసు తప్పుండాది. పొద్దున్నే నేను సరిజేస్తే వస్తాండాయి, అరగంటకు మళ్ళా మొదటికొస్తాండాది. యాల సార్?”

“ముట్టొద్దని రాసుండాది కదప్పా! నువ్వు ముట్టుకుంటే చెడిపోక ఏమయితాది?”

“ముట్టకపోతే అసలుకే రావు సార్. జనం క్యాన్లు పెట్టుకోని నిలబడుండారు.”

ఫోన్ పెట్టేశాను. మా మేనేజరైతే, “కుప్పంలో సగం తమిళం, సగం కన్నడం. ఆడ మనిషి మాటే మనకు తెలీదు, ఇంగ మిషన్‌కేం తెలుస్తాది?” అని తేల్చేశాడు.

అదే రోజుల్లో మా ఆఫీసు ఆవరణలోనే ఉన్న మదనపల్లె కేంద్రం ప్రింటరు, ఇక్కడి చీటీలతో పాటు ఎవరూ అడగని కాగితాలు కూడా పొద్దున్నే కక్కేది, ప్యూను వాటిని ఎత్తి పక్కన పడేసేవాడు. కొత్త ప్రింటర్లు అట్లాగే వేడెక్కుతాయని నేను శాస్త్రం చెప్పాను. మేనేజరు శుక్రవారం దానికి కుంకుమ పెట్టించి నిమ్మకాయ కోయించాడు. అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ. మా ప్రింటరుకు దిష్టి తగిలింది, కుప్పం ప్రింటరును మాత్రం ఆపరేటరు చెడగొట్టాడు.

మూడు వారాలకు మేనేజరు నన్ను రిపోర్టు అడిగాడు. రోజూ తెల్లవారుజామున ఫైలును చేత్తో మార్చినట్టు సర్వరులో ఆనవాళ్ళు కనబడుతూనే ఉన్నాయి. తప్పు కుప్పం మనిషిదేనని రాసిచ్చాను. శనివారం అతన్ని ఇంటికి పంపేశారు.

సోమవారం ఆఫీసు ఎదురంగడిలో వడలు తింటున్నాను. వేలికి అంటిన నూనె తుడుచుకుంటూ చూస్తే వడలు చుట్టిచ్చిన కాగితం మీద ‘కుప్పం కేంద్రం’ అని ఉంది. కింద ఎవరో పోసిన నాలుగు లీటర్ల పాల లెక్క.

“ఈ కాగితం యాడిదక్కా?” అని అంగడామెను అడిగాను.

“మీ ఆఫీసుదే సార్. మీ ప్యూను దినామూ కట్ట తెచ్చిస్తాడు. ఒగ పక్కే రాసుండాది, వడలకు బాగుండాది.”

పరుగున వెళ్ళి అచ్చు తెరిచాను. నా చేత్తో నేను రాసుకున్నది అక్కడ ఉంది. పుంగనూరైతే పుంగనూరు ప్రింటరు, కాకపోతే మదనపల్లె ప్రింటరు. రాసిన రోజున ఉన్నవి ఆ రెండూళ్ళే. పుంగనూరు కాని కుప్పం చీటీలన్నీ మదనపల్లెకొచ్చి వడలకు పొట్లాలయ్యాయి. మూడు వారాల్లో ఒక్కసారీ నేను అచ్చు తెరిచి చూడలేదు. నేను రాసింది తప్పెట్లా అవుతుందన్న ధీమా. ఒక్క లైను చేర్చాను. అరగంటలో కుప్పం ప్రింటరు కదిలింది.

“సూసినావా, వాడు పోతానే బాగైపాయ!” అని మేనేజరు నా భుజం తట్టాడు. నిజం చెప్పాల్సింది అప్పుడే. నా ప్రమోషన్ కాగితం ఆయన బల్ల మీద ఉంది. నేనూ నవ్వాను.

తర్వాతి నెల పనిమీద కుప్పం పోయాను. పాలు పోసేవాళ్ళ వరసలో క్యానుతో అతనే నిలబడి ఉన్నాడు. చీటీ తీసుకుని, తిప్పి తిప్పి చూసుకుని, నా దగ్గరికొచ్చాడు.

“నేను పోయిన రెండు దినాలకే మిషను బాగైపాయనంట గదా సార్. నీ చెయ్యే మంచిది గాదని ఇంట్లో గూడా అంటాండారు. ఏం తప్పు జేసినానో నాకే తెలీలేదు. మీరు పెద్ద సదువులు సదివినోళ్ళు, సెప్పండి. ఇంగోసోట పని దొరికితే జాగర్తగా ఉంటా.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

“ముట్టొద్దని రాసుంటే ముట్టగూడదప్పా.”

“అట్లే సార్” అని, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఖాళీ క్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.