మల్లవ్వ పేర్చిన ఆరు పల్లీలు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. కండ్లకోయలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇది దయ్యం కథ కూడా కాదు. ఏం కథో మాత్రం నాకు తెలియదు.

నాకూ, నాతో పనిచేసే రఘుకూ టెలిస్కోపుల పిచ్చి. నా దాని అద్దం పద్దెనిమిది అంగుళాలు, అతనిది ఇరవై. అమావాస్య దగ్గర పడితే రెండింటినీ వ్యానులో వేసుకుని, షామీర్‌పేట దాటాక మల్లవ్వ చేనుకు వెళ్తాం.

మల్లవ్వకు డెబ్బై ఏళ్లుంటాయి. కుడికంట్లో శుక్లం ముదిరిపోయింది. ఆ కంటికి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియవని డాక్టరు రాసిన కాగితం ఆమెకు నేనే చదివి వినిపించాను. ఆపరేషనంటే భయపడి వాయిదా వేస్తూ వచ్చింది.

రెండేళ్ల క్రితం చలికాలం. సాయంత్రం ఏడున్నర. చాలా మసకైన ఒక గెలాక్సీల గుంపు కోసం వెతుకుతున్నాం. మేడ్చల్ వైపు ఆకాశం ఊరి దీపాలకు ఎర్రగా ఉంది. తల మీద నల్లగుడ్డ కప్పుకుని గంటసేపు చూస్తే మూడు మరకలు దొరికాయి, ఊదితే పోయే బూడిదలా. రఘుకూ మూడే.

ఉడికించిన పల్లీలు తెచ్చిన మల్లవ్వ, "నన్ను గూడ సూడనియ్యి బిడ్డా" అంది. నా టెలిస్కోపు దగ్గరికి వచ్చి, ఎడమకన్ను చేత్తో మూసుకుని, కుడికన్ను ఆనించింది.

"అవ్వా, ఆ కన్ను కాదు."

"ఉండు. ఆరున్నయి. ఒగటి బుడ్డది, పెద్దదాని సంకల ఉన్నది."

"చుక్కలేమో?"

"సుక్కలు నాకెరుక లేదా? గివి పొగ లెక్కున్నయి."

ఎలా ఉన్నాయో చూపించమని ఖాళీ కాగితం ఇచ్చాను. ఆమె దాని మీద ఆరు పల్లీలు పేర్చింది. టార్చి వెలుగులో వాటి చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాను.

ఇంటికొచ్చి, పెద్ద అబ్జర్వేటరీ తీసిన ఫోటో వెతికాను. అప్పటిదాకా మేమిద్దరం దాన్ని చూడలేదు. నా టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి కాగితం తిప్పి పక్కన పెట్టాను. ఆరూ ఉన్నాయి. చిన్నది పెద్దదాన్ని అంటుకునే ఉంది.

"కాకతాళీయం" అన్నాడు రఘు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

తర్వాత కొన్నాళ్లకు నేనే నచ్చజెప్పి, తోడు వెళ్లి, ఆమెకు ఆపరేషన్ చేయించాను. బాగా కుదిరింది. ఇప్పుడు ఆ కంటితో సూదిలో దారం ఎక్కిస్తుంది.

మరుసటి చలికాలం అదే చేనులో అదే గుంపును పట్టి ఆమెను పిలిచాను. మళ్ళీ కుడికన్నే పెట్టింది. చాలాసేపు చూసింది.

"ఏం లేదు బిడ్డా. సీకటే ఉన్నది."

నా వైపు తిరిగింది. "కన్ను మంచిగైందంటివి గదా?"

అయిందనే చెప్పాను. అది అబద్ధం కాదు. అయినా ఆమె అడిగినదానికి అది జవాబు కాదని అప్పుడే తెలుసు.