అలుగు దాటిన నీళ్ళు

పొద్దున్నే వాన పడింది. నంద్యాలలో బండి తీసేటప్పుడు మట్టివాసన. బనగానపల్లె దారిలో మా గని దగ్గర పడేసరికి అది తడిసిన సున్నపురాయి వాసనగా మారింది. అప్పుడే వెల్ల వేసిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టుంటుంది. ఆ వాసన తగిలితే చాలు, నా చెయ్యి సంచిలో గాజుగ్లాసు ఉందో లేదో తడుముకుంటుంది. ఈ అలవాటు యేసురత్నం సారుది. ఆయన మా గని మేనేజరుగా ఉన్నప్పుడు నేను ఆయన కింద సామాన్లు కొనే ఉద్యోగిని. ఇవాళ ఆఫీసులో ఓనరు కొడుకు నా కోసం కూర్చున్నాడు. రాయి పోసుకోను చోటు చాలడం లేదట, బురద తేరే గుంతను పూడ్చేద్దామంటాడు. ఆ గుంత సంగతి చెప్పాలంటే సారు సంగతి చెప్పాలి.

నేను నూనె అంగడిలో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. మా ఇంట్లో ఎవరైనా చెప్పిన ధరకే కొనుక్కొస్తే జ్వరమేమోనని నుదురు తాకి చూస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సారు తాగే టీకి కూడా బేరమాడి ఒక బిస్కెట్టు అదనంగా వేయించాను. సారు దాన్ని కుక్కకు వేసి, "నోరు మంచిదే అప్పా. యాడ నిలబడి ఆడల్లో అదొకటి నేర్చుకో" అన్నారు. నేను పొగిడారనుకుని ఛాతీ విరుచుకు తిరిగాను.

మా గని వాలులో ఉంది. వాన పడితే తవ్విన చోటునుంచి నీళ్ళు పిండి కలిపినట్టు తెల్లగా పారి కింద వంకలో కలుస్తాయి. వంక పక్కనే ఓబులమ్మ నారుమడి. గుంత తవ్వడానికి ముందు ఏడు ఆ బురద మడి మీద పేరుకుని, ఎండి, నారంతా చచ్చిపోయింది. ఆమె ఎండిన పెళ్ళ ఒకటి తెచ్చి సారు బల్ల మీద పెట్టింది. "దీన్ని నాటుకోమంటావా సారూ?" అని అడిగి వెళ్ళిపోయింది. ఆ పెళ్ళను సారు బల్లమీద నుంచి తీయనివ్వలేదు. మళ్ళీ వానలొచ్చే లోపల గుంత తవ్వి తీరాలన్నారు. ఓబులమ్మ అప్పటికే మళ్ళీ నారు పోసింది. అదీ పోతే వేసుకోను ఆమె దగ్గర ఇక విత్తనం లేదు.

గుంతకు రాయి పోసుకునే యార్డులో సగం పోతుందని ఓనరు మొహం మాడ్చుకున్నాడు. అప్పుడు నా తెలివి నిద్ర లేచింది. వెడల్పు తగ్గించి లోతు పెంచుదాం, పట్టే నీళ్ళు అవే కదా అన్నాను. ప్రొక్లెయినర్ మస్తానుతో ధర కూడా తగ్గించుకొచ్చాను. సారు వాదించలేదు. బురదనీళ్ళు తెప్పించి గాజుగ్లాసులో సగం, తాను అన్నం తినే స్టీలు పళ్ళెంలో సగం పోశారు. "ఏది ముందు తేరుకుంటాదో చూద్దాం. అంతవరకు నోరు మూసుకో" అన్నారు. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి లేదు. పళ్ళెం అడుగున చెక్కిన ఆయన భార్య పేరు కనబడేసరికి గ్లాసులో ఇంకా మజ్జిగే ఉంది.

"బురద అడుక్కు చేరల్లప్పా. లోతు పెంచి దానికి దూరం చేస్తాండావ్. నీళ్ళు పరుచుకోని నిదానంగా పోవల్ల, పైన తేరినవే అలుగు దాటల్ల. మీ నాయన పీపాలో మడ్డి కదిలించి నూనె అమ్ముతాడా?"

"అమ్మితే జనం తంతారు సార్."

"ఓబులమ్మకు ఆ వీలు లేదు. అంతే తేడా. ఇప్పుడు పోయి ఓనరుతో బేరమాడు. ఈసారి ఆయమ్మ పక్కన నిలబడి ఆడు."

వెళ్ళాను. సగం యార్డు కావాలి కాబట్టి మొత్తం అడిగాను. ఓనరు లేచి పచార్లు చేశాడు, తిట్టాడు. నేను టీ తాగుతూ కూర్చున్నాను. చివరికి తానే గెలిచినట్టు, "సగం తీసుకోని ఈడ్నించి పో" అన్నాడు. నేను ఓడిపోయిన మొహంతో బయటికొచ్చాను. మస్తాను మాత్రం నేను తగ్గించిన ధరంతా నాచేతే కక్కించాడు. "మొన్న లోతంటివి, నేడు వెడల్పంటావ్. రేపు పైకి, ఆకాశంలో మోడం పక్కకు తవ్వమంటావేమన్నా?" అని నవ్వాడు.

గుంత తవ్వి, నిండిన నీళ్ళు పొర్లిపోయే అలుగుకు రాళ్ళు పేర్చిన మరునాడే వాన. కట్టమీద సారు, నేను, ఓబులమ్మ. పైకాలువలో తెల్లగా ఉరికొచ్చిన నీళ్ళు గుంతలో పడి నెమ్మదించాయి. అలుగు దాటి నీళ్ళు రావడం మొదలవగానే ఓబులమ్మ తడుస్తూ దిగి గ్లాసు పట్టింది. కాస్త తెలుపు ఉంది గానీ, గ్లాసు వెనక ఆమె వేళ్ళు కనిపిస్తున్నాయి. కింద మడిలో నారు పచ్చగా నిలబడే ఉంది.

"ఈ నీళ్ళయితే రానీ సారూ" అంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. "గుంతకు గూడా బేరమాడినోడు ఈయప్పేనా?"

"ఈయప్పే. నీ తరఫున గూడా ఆడినాడులే" అన్నారు సారు. నాకొచ్చిన ప్రమోషన్లలో అదే పెద్దది.

సారు రిటైరై ఆళ్లగడ్డలో ఉంటున్నారు. వాన పడిన రోజు ఫోన్ చేసి, "ఏందప్పా, వేళ్ళు కనపడినాయా?" అంటారు. క్షేమసమాచారాలు ఆ తర్వాతే.

ఓనరు కొడుకు ముందు బల్లమీద నా గ్లాసు, మా ఆవిడ పేరు చెక్కిన పళ్ళెం పెట్టి, రెండింట్లోనూ బురదనీళ్ళు పోశాను.

"ఏందన్నా ఇది?"

"చూస్తాండు. ఈలోగా ఒక మాట. ఉన్న గుంత చాలడం లేదు. మిగిలిన యార్డు గూడా ఇయ్యల్ల."

అతను కుర్చీలోంచి లేచి పచార్లు మొదలుపెట్టాడు. ఉన్న గుంత ఉండనీలే అనే మాట అతని నోటినుంచే రావాలి. నేను టీ చెప్పాను, బిస్కెట్టు కూడా తెమ్మన్నాను.